దాదీకీ చిలుకకూ పడలేదు

ఆ రోజుల్లో ఏదైనా ఉచితంగా దొరికిందంటే అది నా మేలు కోరే దొరికిందని నమ్మేదాన్ని. ఇప్పుడు ఎవరైనా "ఫ్రీ" అనగానే చెప్పులు వెతుక్కుంటున్నాను (విసరడానికి కాదు, అక్కడి నుంచి పారిపోవడానికి). ఆ రోజులంటే మరీ పాత రోజులేమీ కావు. అప్పటికే అందరి చేతుల్లోనూ ఫోన్లున్నాయి. రోజూ కాసేపు వేలితో నొక్కితే చాలు, ఏ భాషైనా నాలుక మీదికి నడిచి వస్తుందని ఆ ఫోన్లే చెప్పేవి. నా నాలుక మీదికి వచ్చింది భాష కాదు, ఒక కొంగ. దాని సంగతి చెప్పాలంటే ముందు మా ఇంటి సంగతి చెప్పాలి.

మాది ఎమ్మిగనూరు. బజారు వెనక సందులో మా నాయనకు దూది ఏకే మిషను ఉండేది. మేము దూదేకులవాళ్లం. మా పేర్లు ఉర్దూవి, నమాజు అరబ్బీలో, మిగతా బతుకంతా తెలుగులో. ఊళ్లో హిందువులు మమ్మల్ని సాయిబులంటారు, ఉర్దూ మాట్లాడే సాయిబులు మమ్మల్ని తెలుగోళ్లంటారు. ఈ రెండు మాటల మధ్య మేము తరతరాలుగా పరుపులూ దిండ్లూ బొంతలూ కుట్టుకుంటూ హాయిగానే బతికాం. ఎవరి మాట వాళ్లకుండనీ, పడుకునేది మాత్రం మా దూది మీదే కదా అని నాయన ధీమా. నాకూ అదే ధీమా ఉండేది, ఆదోనిలో స్క్రూడ్రైవరు పరిచయమయ్యేదాకా.

స్క్రూడ్రైవరంటే మనిషే. నేను రోజూ బస్సెక్కి ఆదోని వెళ్లి ఒక బట్టల దుకాణంలో బిల్లులు కొట్టేదాన్ని. ఎదురుగా ఫోన్లు బాగుచేసే కొట్టు ఉండేది. అందులో కూర్చునే అబ్బాయి ఎప్పుడు చూసినా చెవి మీద ఒక చిన్న స్క్రూడ్రైవరు పెట్టుకుని, అదే స్క్రూడ్రైవరు కోసం కొట్టంతా వెతుకుతుండేవాడు. నా ఫోను అద్దం పగిలి అతని దగ్గరికి వెళ్లాను. తర్వాత నా ఫోనుకు రోజుకొక జబ్బు రావడం మొదలైంది (ఫోనుది తప్పేం లేదు). కొంతకాలానికి విషయం పెద్దవాళ్ల దాకా వెళ్లింది. మా ఇంట్లో సరేనన్నారు. వాళ్లింట్లోనూ అమ్మా నాన్నా సరేనన్నారు. ఒక సాయంత్రం బస్టాండులో అతను మొహం వేలాడేసుకుని వచ్చాడు.

"మా దాదీ ఒక్కతే అడ్డం పడతాంది" అన్నాడు. వాళ్లింట్లో మాట ఉర్దూ, దాదీ అంటే అతని నాన్నమ్మ. ఆ ఇంట్లో ఉప్పు డబ్బా ఎక్కడుండాలో కూడా ఆమే చెబుతుంది.

"ఏమంటాంది?"

"పిల్ల మంచిదే గావచ్చు, మన మాట రాదు గదా అంటాంది. రేపు నేను మంచాన పడితే, నీళ్లు తెమ్మని అడిగితే ఆ పిల్ల నా మొగం సూస్తా నిలబడుకుంటే యెట్ల అంటాంది."

నాకు ఒళ్లు మండింది. నీళ్లను పానీ అంటారని ఎమ్మిగనూరు సంతకొచ్చే మేకలకు కూడా తెలుసు. కానీ నిజం ఒప్పుకోవాలి. బేరానికి పనికొచ్చే నాలుగు ముక్కలు దాటితే నాకు ఉర్దూ రాదు. వాళ్లు గబగబా మాట్లాడుకుంటుంటే సగం అర్థమయ్యేది, మిగతా సగానికి నవ్వి ఊరుకునేదాన్ని. స్క్రూడ్రైవరు తానే నేర్పిస్తానన్నాడు. మొదటి పాఠంలో నేను ఒక వాక్యం చెప్పగానే కడుపు పట్టుకుని నవ్వాడు. రెండో వాక్యానికి కౌంటరు మీద తల పెట్టేసి నవ్వాడు. మూడో వాక్యం నేను తెలుగులోనే చెప్పాను, అది ఇక్కడ రాయదగింది కాదు. దాంతో అతను బెదిరిపోయి, నా ఫోను తీసుకుని అందులో ఏదో దింపి ఇచ్చాడు. "ఇది నవ్వదు. ఇదే నేర్పిస్తాది. ఫ్రీ" అన్నాడు. అతని మీద నాకున్న ఫిర్యాదులన్నీ ఒక ఎత్తు, ఆ ఒక్క "ఫ్రీ" ఒక ఎత్తు.

అందులో టోపీ పెట్టుకున్న ఒక ఆకుపచ్చ చిలుక ఉండేది. తెలుగు నుంచి ఉర్దూ నేర్పే దారి దానికి తెలియదు, ఇంగ్లీషు మీదుగా తిప్పి తీసుకెళ్లేది. ఎమ్మిగనూరు నుంచి ఆదోనికి మద్రాసు మీదుగా పోయినట్టుండేది నా చదువు. చిలుక నాకు అయిదు గుండెలిచ్చేది. తప్పు చెప్పినప్పుడల్లా ఒక గుండె పగిలేది. అయిదూ పగిలితే పాఠం ఆగిపోయేది. మళ్లీ గుండె కావాలంటే పేకాట ప్రకటన ఒకటీ జుట్టు నూనె ప్రకటన ఒకటీ రెప్పవేయకుండా చూడాలి. ఉర్దూ కంటే ముందు ఆ నూనె పాట నాకు నోటికొచ్చేసింది. పోనీ అది నేర్పే మాటలైనా పనికొస్తాయా? ఉల్లిపాయలు తరుగు, బియ్యం ఏరు, ముసలమ్మకు నీళ్లివ్వు లాంటివి ఒక్కటీ లేవు. తోటమాలి బాద్‌షాకు గులాబీ సమర్పిస్తాడు. వజీరు దానిమ్మపండు తింటాడు. బాద్‌షా మహలు ముందు ఫౌంటెన్ ఉంటుంది. ఆదోనిలో ఏ కోడలికి ఈ మాటలతో పనిపడుతుందో ఆ చిలుకకే తెలియాలి. మా అమ్మకు మాత్రం కాలక్షేపం దొరికింది. నేను దుకాణం నుంచి వచ్చీ రాగానే "ఏమ్మే, ఈ పొద్దు బాద్‌షా అన్నం తిన్న్యాడా?" అని అడిగేది.

అన్నిటికంటే పెద్ద నరకం, గట్టిగా చెప్పాల్సిన పాఠం. చిలుక ఒక వాక్యం చెబుతుంది, మనం దాన్ని పలికితే వింటుంది, నచ్చితే రెక్కలు కొడుతుంది. ఇంట్లో మిషను హోరు, దుకాణంలో యజమాని కళ్లు. ఇక మిగిలింది బస్సే. అది శ్రావణమాసం సోమవారం. ఆదోనిలో దిగి ఉరుకుంద ఈరన్న గుడికి పోయే జనంతో బస్సు కిక్కిరిసి ఉంది. ఎలాగో కిటికీ పక్కన చోటు దొరికింది. ఆ రోజు వాక్యం "దరియా కే కినారే ఏక్ బగులా ఖడా హై". నది ఒడ్డున ఒక కొంగ నిలబడి ఉంది. నేను మెల్లగా చెప్పాను. చిలుక తల అడ్డంగా ఊపింది. కొంచెం గట్టిగా చెప్పాను. గుండె పగిలింది. ఇంకా గట్టిగా చెప్పాను. బస్సులో మాటలు ఆగిపోయాయి. అందరూ నన్నే చూస్తున్నారని తెలుస్తోంది, కానీ పంతం పట్టిన మనిషికి సిగ్గెక్కడిది? నాలుగోసారి అరిచేసరికి కండక్టరు టిక్కెట్లు కొట్టడం ఆపి వచ్చాడు.

"ఏమ్మా, ఎవరితో కొట్లాట?"

"ఎవురితో కాదన్నా. ఇది సెప్పమంటాంది, సెప్తే ఇనట్లే."

ఏమిటది అని పక్కావిడ అడిగింది, చెప్పాను. ఆవిడ ముందు సీటుకు చెప్పింది. చిప్పగిరి నుంచి బంధువులింటికొచ్చి, అక్కడి నుంచి ఈరన్న దర్శనానికి పోతున్న ఒక ముసలాయన వెనక్కి తిరిగి, "యాడ, నన్నొక తూరి సెప్పనీ" అని ఫోను లాక్కున్నాడు. ఆయన పళ్లు సగం లేవు. నోట్లో తమలపాకుంది. కొంగను ఏమని పలికాడో ఆ ఈరన్నకే తెలియాలి. చిలుక రెక్కలు టపటపా కొట్టి, తెర నిండా పూలు చల్లింది. బస్సంతా చప్పట్లు. "అంతే గదమ్మా, దీనికి ఇంత గోలనా!" అని ఆయన నా ఫోను నాకిచ్చి మీసం దువ్వుకున్నాడు. నాకు ఏడుపొచ్చింది. ఆ రోజు నుంచి కండక్టరు నన్ను "కొంగమ్మా" అని పిలవడం మొదలుపెట్టాడు. సీటు లేకపోతే "కొంగమ్మా, ఒంటికాలి మీద నిలబడు" అనేవాడు. ఆదోని వచ్చేదాకా నేను కిటికీ లోంచి బయటికి చూసేదాన్ని.

ఒకనాడు గుండెలన్నీ పోగొట్టుకుని ఫోనును దూది కుప్పలోకి విసిరేశాను. నాయన దాన్ని వెతికి తీసి, దూది దులిపి, నా పక్కన కూర్చున్నాడు. "మనం తెలుగులోనే ఏడ్సినాం, తెలుగులోనే నవ్వినాం. దువా కూడా తెలుగులోనే సేస్తాం. అల్లాకు తెలీని మాటుందా యాడన్నా?" అన్నాడు. ఆయన కాసేపు ఫోనులో చిలుక వంక చూసి, "అంత నచ్చినాడా తల్లీ, ఆ పిల్లోడు?" అని అడిగాడు. నేను తలూపాను. "అయితే నేర్సుకో" అని ఫోను నా ఒళ్లో పెట్టి మిషను దగ్గరికి వెళ్లిపోయాడు. నా కోసం మా నాయన తన తెలుగును కొంచెం పక్కకు జరిపి చోటిచ్చినట్టనిపించింది. ఆ బాధతో ఇంకా పట్టుదలగా చదివాను. చివరి పాఠాల్లో అతిథులకు స్వాగతం చెప్పడం వచ్చింది. ఎట్టకేలకు పనికొచ్చేది ఒకటి దొరికిందని దాన్ని తు.చ. తప్పకుండా బట్టీ పట్టాను.

ఒక శుక్రవారం స్క్రూడ్రైవరు ఫోను చేశాడు. గొంతు గుసగుసలాడుతోంది. "రేపు దాదీని తీసుకొస్తాండా. పాత పరుపు ఏకించాలంట. పరుపంతా సాకు, నిన్ను సూడాలనే." ఆదోనిలో దూది ఏకేవాళ్లే లేనట్టు, ఆ పరుపును ఆటోలో వేసుకుని ఎమ్మిగనూరు దాకా వస్తోందంటే ఎవరికి తెలియదు? మా పనిలో ఒక పద్ధతి ఉంది. పాత పరుపు తెచ్చినవాళ్లు దాన్ని ఇచ్చి వెళ్లిపోరు. తమ మంచి పత్తి పోయి ఎవరిదో చివికిన దూది తమ పరుపులోకి వస్తుందేమోనని, విప్పింది మొదలు మళ్లీ కుట్టేదాకా దాని పక్కనే కూర్చుంటారు. నాయన దానికేమీ అనుకోడు, పీట వేసి టీ తెప్పిస్తాడు. అంటే దాదీకి రోజంతా నన్ను చూసే వీలు. పెళ్లిచూపులు గంటలో అయిపోతాయి, ఇవి పరుపు చూపులు.

ఆటో ఆగింది. ముందు పరుపు దిగింది, వెనక స్క్రూడ్రైవరు దిగాడు, చివరికి దాదీ దిగింది. చిన్న మనిషి, పెద్ద కళ్లజోడు. ఇంటికొచ్చిన పెద్దావిడకు సలాం చెప్పాలని నాకు పాలు తాగే వయసు నుంచీ తెలుసు. ఆ ఒక్కటీ మరిచిపోయి, చిలుక నేర్పినట్టు చెయ్యి నుదుటిదాకా ఎత్తి మొదలుపెట్టాను. "ఆదాబ్ అర్జ్ హై! ఆప్ కీ తష్రీఫ్ ఆవరీ హమారే లియే బాయిసే మసర్రత్ హై!" తమ రాక మాకెంతో ఆనందదాయకం అని దానర్థం. ఒక్క అక్షరం కూడా తడబడలేదు. మా అమ్మ గుమ్మంలో గర్వంగా నిలబడింది.

దాదీ నన్ను పైనుంచి కిందికి చూసింది. మనవడి వైపు తిరిగి, "క్యా బోల్‌రీ రే యే? కచేరీ సే నోటీస్ ఆయా క్యా?" అంది. ఏమంటోంది ఈ పిల్ల, కోర్టు నుంచి నోటీసేమైనా వచ్చిందా అని అడుగుతోందని నాకు కూడా అర్థమైంది. స్క్రూడ్రైవరు తల దించుకున్నాడు (భుజాలు కదులుతున్నాయి, వాణ్ణి తర్వాత చూసుకోవచ్చనుకున్నాను). దాదీ నా వైపు తిరిగి గబగబా ఏదో అడిగింది. రెండు ప్రశ్నలో మూడో. ఒక్క ముక్క అర్థం కాలేదు. చిలుక చెప్పిన ఉర్దూలో అలాంటి మాటలే లేవు. నా పెళ్లి నా కళ్లముందే జారిపోతోంది, ఏదో ఒకటి అనాలి. నోరు తెరిచాను. "దరియా కే కినారే ఏక్ బగులా ఖడా హై" అని బయటికొచ్చింది.

దాదీ నిజంగానే వెనక్కి తిరిగి చూసింది. మా సందులో మురుగు కాలువ ఉంది, దాని పక్కన స్క్రూడ్రైవరు ఉన్నాడు. కొంగ లేదు. నాయనకు నా మీద జాలేసిందేమో, వెళ్లి మిషను వేశాడు. ఆ హోరులో ఎవరు ఏ భాష మాట్లాడినా ఒకటే. జన్మలో మొదటిసారి ఆ చప్పుడు నాకు తీయగా వినిపించింది. దాదీ పీట మీద కూర్చుని తన దూదికి కాపలా కాసింది. నేను ఎదురుగా కూర్చుని పరుపు విప్పి, గడ్డలు కట్టిన దూదిని చేతులతో విడదీశాను. కాసేపటికి ఆమె కూడా ఊరుకోలేక ఒక గడ్డ తీసుకుని విడదీయడం మొదలుపెట్టింది. మా ఇద్దరి కనుబొమలూ తెల్లబడ్డాయి. ఆమె ముక్కు మీద వాలిన దూది పింజను నేను తీశాను. ఆమె కళ్లజోడు సర్దుకుంది.

కరెంటు పోయింది. మిషను ఆగిపోయింది. ఆ నిశ్శబ్దంలో నా చున్నీ ముడిలోంచి చిలుక కేకేసింది. పాఠానికి వేళయిందట! దాదీ ఉలిక్కిపడి, చక్కని తెలుగులో, "ఏందమ్మీ అది? నీకు ఆ నోటీసు మాటలు నేర్పినోడు ఎవుడు?" అంది. నేను ఫోను తీసి చూపించాను. స్క్రూడ్రైవరు వివరించాడు. ఆమె కళ్లజోడు పైకెత్తి చిలుకను చూసి, "ఈ పురుగా? ఉర్దూ నేర్పిస్తాదా? అడగమను నన్ను" అని ఫోను లాక్కుంది.

నాకు టీ వద్దు అనే మాట ఉర్దూలో చెప్పాలని చిలుక ఇంగ్లీషులో అడిగింది, స్క్రూడ్రైవరు అర్థం చెప్పాడు. దాదీ నవ్వి, "మేరెకు చా నక్కో" అంది. ఆదోని గల్లీల్లో పుట్టిన ప్రతి మనిషీ అలాగే అంటాడు. చిలుక తల అడ్డంగా ఊపింది. గుండె పగిలింది. "ముఝే చాయ్ నహీఁ చాహియే" అనాలట. దానికి చెవుడేమోనని దాదీ గట్టిగా చెప్పింది. ఇంకో గుండె పోయింది. ఎందుకు నవ్వుతున్నావు అని ఉర్దూలో అడగమంది చిలుక. "కైకు హస్‌రా?" అని దాదీ కసిరింది, అది పాఠమో తిట్టో నాకు తెలియలేదు. ఇంకో గుండె. చివరికి ఔను అనే ఒక్క మాట అడిగితే "హౌ" అంది, అదీ తప్పే. ఎన్ని గుండెలు మిగిలాయో నేను చూడలేదు, దాదీ మొహం చూస్తున్నాను. అన్నీ అయిపోయాక చిలుక కన్నీరు కార్చి, తమరు మొదటి పాఠం నుంచి మొదలుపెట్టడం మంచిదని సలహా ఇచ్చింది. ఆ వెంటనే జుట్టు నూనె పాట వచ్చింది.

"నా నోటికే తప్పు పెడ్తాదా ఇది?" దాదీ ఫోను మీద వేలితో పొడిచింది. "మా అమ్మ నేర్పిన మాట. మా అమ్మకు వాళ్లమ్మ నేర్పిన మాట. ఇదెవుత్తి నాకు సెప్పనీకి?"

అన్నాళ్లుగా నా లోపల ఉడుకుతున్నదంతా ఒక్కసారిగా పొంగింది. "దీని నోట్లో మన్ను పడ! నన్నూ ఇట్లనే సంపుతాంది దాదీ! దీని టోపీ కాల, దీని రెక్కలిరగ! మూడు నెల్లుగా కొంగను పట్టుకుని ఏడుస్తాండా. బస్సులో ఇజ్జత్ పోయింది. దీని బాద్‌షా సావ, వాని దానిమ్మకాయ కుళ్ల!" అని అందుకున్నాను. దాదీ ఒక్క క్షణం ఆశ్చర్యపోయి, తర్వాత నాతో గొంతు కలిపింది. ఆమె తెలుగులో అంత మంచి తిట్లున్నాయని నేను అనుకోలేదు. ఆమె ఒకటి అంటే నేను దానికి తోక తగిలించేదాన్ని. అమ్మ నోరు తెరుచుకుని చూస్తోంది. నాయన మిషను వెనక్కి వెళ్లిపోయాడు. ఇద్దరం ఆయాసపడి ఆగేసరికి దాదీ కళ్లజోడు తీసి కళ్లు తుడుచుకుంటోంది. నవ్వో ఏడుపో నాకు తెలియలేదు. "ఇంట్లో యెవురన్నా నాతోటి ఇట్ల ఇంతసేపు మాట్లాడి యెన్నాళ్లైందో" అంది.

తర్వాత ఫోను నాకిచ్చేసి నాయనను పిలిచింది. "యేమప్పా, ఈ దూది ఒక్క మంచానికే ఎయ్యద్దు. ఇంగ కొంచెం కొత్త దూది కలిపి పెద్ద పరుపు కుట్టు. ఎర్ర గుడ్డ ఎయ్యి. దిండ్లు జంట." నాయన చేతిలో సూది ఆగిపోయింది. మా వృత్తిలో ఎర్ర గుడ్డ, పెద్ద పరుపు, జంట దిండ్లు అంటే ఏమిటో ఏ చిలుకా తర్జుమా చెయ్యక్కర్లేదు. "మరి మాట, అమ్మా?" అని నాయన భయంగా అడిగాడు. "తిట్టనీకి నోరు బాగుంది గదా, మిగతాది నేను నేర్పుకుంటా" అంది దాదీ.

నేర్పింది. పెళ్లయి వెళ్లాక వాళ్ల వంటింట్లో, వరండాలో, బియ్యం చేటల మీద, దెబ్బలాటల మధ్య నేర్పింది. చిలుక నేర్పిందంతా మరిచిపోవడానికి నాకు ఏడాది పట్టింది. దాదీ మాత్రం చిలుకను వదల్లేదు. రోజూ పొద్దున్నే నా ఫోను అడిగి, దానితో నాలుగు మాటలు మాట్లాడి, గుండెలన్నీ పగలగొట్టుకుని, తృప్తిగా తిట్టి ఇచ్చేది. తిట్లు మాత్రం తెలుగులోనే తిట్టేది. ఉర్దూలో తిడితే దానికి అర్థమై మళ్లీ తప్పు పడుతుందట.

ఆమె భయపడినట్టే ఒక వేసవిలో మంచాన పడింది. పక్కన నేనే ఉండేదాన్ని. దప్పికైనప్పుడు కళ్లు తెరిచి, "నీళ్లు తే పాపా" అనేది. ఎప్పుడడిగినా తెలుగులోనే అడిగేది. నేను "అబీ లాతీ, దాదీ", ఇప్పుడే తెస్తున్నానని అంటూ పరుగెత్తేదాన్ని. నాకు అర్థం కాదేమోనని ఆమె నా మాటలోకి వచ్చిందో, ఆమెకు వినబడాలని నేను ఆమె మాటలోకి వెళ్లానో, మేమిద్దరం ఎన్నడూ అనుకోలేదు. ఆ గ్లాసు నీళ్ల కోసమే కదా, బస్సులో జనమంతా చూస్తుండగా ఒక పిచ్చిపిల్ల గొంతు చించుకుని కొంగను నది ఒడ్డున నిలబెట్టడానికి అంత పాటు పడింది. ఇప్పుడు ఆ పిల్ల బస్సులో నా పక్క సీట్లో కూర్చుంటే, మెల్లగా చెప్పు తల్లీ, దాదీ నీళ్లు తెలుగులోనే అడుగుతుంది అని చెప్పాలనిపిస్తుంది.